ఖాళీ ఉంచకూడని గడి

మా ముత్తాత దర్శి వైపు మూడు గ్రామాలకు కరణం. ఆయన తండ్రీ కరణమే. జమాబందీకి, అంటే ఊరి శిస్తు లెక్కల తనిఖీకి, వచ్చిన తహసీల్దారు మొదట మా వసారాలో కూర్చుని మజ్జిగ తాగేవాడు, ఆ తర్వాతే లెక్కలు అడిగేవాడు. గట్టు తగాదాల్లో ముత్తాత కర్ర పాతిన చోటే హద్దు. కోర్టుకు వెళ్లినవాళ్లు కూడా చివరికి ఆ కర్ర దగ్గరికే తిరిగొచ్చారు. ఒకసారి వాగు దారి మారి రెండు ఊళ్ల మధ్య పెద్ద తగువు లేస్తే, ఆయన పది రోజులు ఎండలో నడిచి హద్దు తేల్చాడు. ఆ ప్రాంతపు జమీందారు ఏం కావాలో అడగమన్నాడు. ముత్తాత ఏమీ అడగలేదు. జమీందారే ఒక వెండి పళ్లెం పంపించాడు.

మా తాత ఆఖరి కరణం. కరణీకాలు రద్దయినప్పుడు మూడు తరాల దస్త్రాలను రెండెడ్ల బండి మీద వేసుకుని తాలూకా ఆఫీసుకు తీసుకెళ్లాడు. ఒక్కో పుస్తకానికీ విడిగా రసీదు కావాలన్నాడు. పొద్దున మొదలైన పని మధ్యాహ్నం మూడయినా తెమలలేదు. అక్కడి ఉద్యోగి విసుగెత్తి కలం కింద పెట్టి, "కరణంగారూ, వీటిని మేమేమన్నా తింటామా?" అన్నాడట. "తినమని రాసివ్వు, పోతాను" అన్నాడట తాత. రసీదులు తీసుకునే ఇంటికొచ్చాడు. ఆ రసీదుల కట్ట ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

నాన్నకు కరణీకం రాలేదు, లెక్క వచ్చింది. గుంటూరు వచ్చి బ్రాడీపేటలో రెండు గదులు అద్దెకు తీసుకుని మిర్చి యార్డు కమిషన్ వ్యాపారులకు పన్ను లెక్కలు రాసిపెట్టడం మొదలుపెట్టాడు. ఫీజు ఎంత అని ఎవరైనా అడిగితే ఆయన ముఖం తిప్పుకునేవాడు. అందుకు ఆయన పద్ధతి ఒకటుంది. ఏడాది పని ముగిశాక, విజయదశమి నాడు, బల్ల మీద ముత్తాత వెండి పళ్లెం పెట్టి అందులో తమలపాకులు పరిచేవాడు. వచ్చినవాళ్లు తమకు తోచింది కవరులో పెట్టి ఆకుల కింద ఉంచి, నమస్కారం చేసి వెళ్లేవాళ్లు. వాళ్లు వీధి మెట్లు దిగేదాకా నాన్న పళ్లెం వైపు చూసేవాడు కాదు. తక్కువున్నా ఆ మాట ఎప్పుడూ ఆయన నోటి నుంచి రాలేదు. ఎక్కువనిపిస్తే కొంత తిప్పి పంపేవాడు. "మనం అడగం" అనేవాడు. పొలం ఆయన కాలంలోనే పోయింది, దర్శి వైపు ఇల్లూ పోయింది. నా చేతికి వచ్చినవి ఆ పళ్లెం, ఆ రెండు మాటలు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా కోపం ఎక్కడి నుంచి వచ్చిందో చదివేవాళ్లకు తెలియాలి. కంప్యూటరంటే భయపడి వేసే కేకలు కావివి. నేను సీఏ చదివాను. ఆడపిల్ల ఆడిటరు కుర్చీ ఎక్కిందని యార్డులో నాలుగు రోజులు చెప్పుకున్నారు, ఐదో రోజు కాయితాలు పట్టుకుని వచ్చారు. ఇరవై రెండేళ్లుగా ఆ కుర్చీలోనే ఉన్నాను.

మా ఆఫీసులో నలుగురం. నేను, బీకాం చదివిన ఇద్దరు అమ్మాయిలు, పెద్ద గుమాస్తా. పెద్ద గుమాస్తా వాళ్ల నాన్న మా తాత దగ్గర గొలుసు పట్టి పొలాలు కొలిచాడు. ఈయన మా నాన్న దగ్గర చేరి, ఇప్పుడు నా దగ్గర ఉన్నాడు. అరవై దాటాయి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళ్లే గంట తప్పిస్తే ఆయన కుర్చీ ఖాళీగా ఉండగా నేను చూడలేదు. నన్ను చిన్నమ్మగారూ అంటాడు, నా జుట్టు నెరిసినా అదే పిలుపు.

కాయితాలు మేము గుడ్డల్లో కట్టేవాళ్లం. మిర్చి వాళ్లవి ఎర్ర గుడ్డ, జిన్నింగు మిల్లుల వాళ్లవి తెల్ల గుడ్డ, పిడుగురాళ్ల సున్నం బట్టీల వాళ్లవి పచ్చ గుడ్డ. రాజధానికి పొలాలిచ్చి కౌలు డబ్బులు, ప్లాట్లు తీసుకున్న తుళ్లూరు రైతులు వచ్చాక వాళ్లకు నీలం గుడ్డ కొన్నాం. పని అయిపోతే మూట ముడి గోడ వైపుకు తిప్పి పెట్టాలి. కాకపోతే ముడి మన వైపు ఉండాలి. గదిలో అడుగు పెట్టిన మనిషికి ఏం మిగిలిందో ఒక్క చూపులో తెలిసిపోయేది. ఇది మా తాత దస్త్రాలు కట్టిన తీరు.

జీఎస్టీ వచ్చాక గడువులు పెరిగాయి. ఏడాదికి రెండు మూడు గడువులున్న వ్యాపారికి నెలనెలా గడువులు మొదలయ్యాయి. ఒకసారి ఒక జిన్నింగు మిల్లు రిటర్ను తేదీ దాటిపోయింది. అపరాధ రుసుము నా డబ్బుతో కట్టాను. ఆ మిల్లాయనకు సంగతి చెప్పాను కానీ కట్టమనలేదు. సరిగ్గా ఆ నెలలోనే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి మా మెట్లెక్కాడు. వాసన పట్టి వచ్చాడా అనిపించింది.

నడివయసు మనిషి, మెడలో టై. గుడ్డ మూటల అరల ముందు నిలబడి ఫోనుతో ఫొటో తీసుకున్నాడు.

"మేడం, ఇంకా ఎన్నాళ్లు ఇలా? ఇవి మ్యూజియంలో పెట్టాలి. మా దాంట్లో అయితే ఎవరి పని అయింది, ఎవరిది కాలేదు, ఎవరు చేస్తున్నారు, అన్నీ ఒకే తెర మీద. అయినదానికి పచ్చ చుక్క, కానిదానికి ఎర్ర చుక్క."

"ముడి కూడా అదే చెబుద్దయ్యా," అన్నాడు పెద్ద గుమాస్తా తలెత్తకుండా. "కరెంటు పోయినా చెబుద్ది."

"పెద్దాయన జోకులు బాగా వేస్తారు మేడం."

ధర అడిగాను. ఏడాదికి పన్నెండు వేలు, ఎంతమంది వాడుకున్నా అంతే అన్నాడు. నేను కట్టిన అపరాధ రుసుము కంటే అది తక్కువ. తీసుకున్నాను. తీసుకున్నది నేనే, ఎవరూ నా చెయ్యి పట్టి రాయించలేదు. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తున్నాను.

తొంభై ఒక్క మంది క్లయింట్ల వివరాలు ఎక్కించే పని పెద్ద గుమాస్తా తీసుకున్నాడు. మొదటి పేరు దగ్గరే ఆగిపోయాడు.

"చిన్నమ్మగారూ, ఇదేదో ఫీజంట. పక్కన ఎర్ర నచ్చత్రం ఉంది. ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వట్లేదు."

"సున్నా వెయ్యండి."

"వేశా. ఒప్పుకోవట్లా."

కంపెనీకి ఫోను చేశాను. "ఫీజు లేని క్లయింట్ ఉండడు కదా మేడం" అన్నది ఆ చివరి గొంతు. ఎంతో తెలిసిన మనిషిలా అన్నది. మా పద్ధతి ఆ గొంతుకు వివరించడం నాకు చిన్నతనమనిపించింది. ఫోను పెట్టేసి, "ఏదో ఒక అంకె వెయ్యండి, ఎవరు చూడబోతారు" అన్నాను. పెద్ద గుమాస్తా కాసేపు ఆలోచించి, పెన్సిలుతో ఒక కాయితం మీద ఏవో రాసుకుని, రెండు రోజుల్లో తొంభై ఒక్క గడులూ నింపేశాడు. ఏం వేశాడో నేను అడగలేదు. మా ఇంట్లో చేసే తప్పు అలాగే ఉంటుంది. డబ్బు రాసి ఉన్న చోటికి చూడకపోవడం పెద్దరికం అనుకుంటాం.

మొదటి ఏడాది బాగానే నడిచింది. రెండో ఏడాది ధర మారింది. ఇకనుంచి మనిషికి నెలకు ఏడు వందలు అన్నారు. నలుగురికి ఏడాదికి ముప్పై మూడు వేల ఆరు వందలు, దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ. పన్నెండు వేలు కాస్తా ముప్పై తొమ్మిది వేల ఆరు వందల నలభై ఎనిమిది అయింది. గుడ్డ మూటలు విప్పేసి కాయితాలన్నీ స్కాన్ చేసి అందులోకి ఎక్కించేశాం. ఇక వెనక్కి వెళ్లేదెలా? కట్టాను.

మూడో ఏడాది రెన్యువల్ కాయితం రెండు నెలల ముందే వచ్చింది. తొంభై రెండు వేల నలభై రూపాయలు. ఫోను చేశాను.

"స్టాండర్డ్ ప్లాన్ ఆపేశాం మేడం. ఇప్పుడు గ్రోత్ ప్లాన్. మనిషికి నెలకు పదకొండు వందలు, జీఎస్టీ అదనం. స్టోరేజీ విడిగా ఏడాదికి పన్నెండు వేలు."

"మాకు గ్రోత్ వద్దండీ. ఉన్నది ఉన్నట్టు ఉంటే చాలు."

"ఆ ప్లాన్ లేదు మేడం. కనీసం ఐదుగురికి తీసుకోవాలి."

"మేం నలుగురమే."

"ఐదో మనిషిని పెట్టుకోవచ్చు కదా మేడం, మీ ప్రాక్టీసు కూడా పెరుగుతుంది."

లేని మనిషికి కుర్చీ అద్దె కట్టమన్నాడు. మా తాత కాలంలో లేని రైతు పేరు మీద శిస్తు రాస్తే కరణం ఉద్యోగం ఊడేది. ఇక్కడ దానికి ప్లాన్ అని పేరు. ఇంకో సంగతి విన్నాను. హైదరాబాదులో రెండు వందల మంది పనిచేసే పెద్ద ఆడిట్ సంస్థలో నాతో కలిసి చదివినావిడ ఉంది. వాళ్లకు ఇదే సాఫ్ట్‌వేర్ మనిషికి నాలుగు వందల లోపే పడుతుందని చెప్పింది. ఎక్కువమంది కాబట్టి తగ్గింపట. లిఫ్టులున్న ఆఫీసుకు తగ్గింపు, చెక్క మెట్ల ఆఫీసుకు మూడింతలు. మా చిన్న గుమాస్తా అమ్మాయికి నెలకు పదమూడు వేలిస్తాను. వాళ్లడిగింది ఆ అమ్మాయి ఏడు నెలల జీతం. ఆ అమ్మాయి పని చేస్తుంది. ఇది ఆ అమ్మాయి చేసిన పనికి పచ్చ చుక్క పెడుతుంది.

కట్టేదీ లేనిదీ సెప్టెంబరులో చూసుకుందామనుకున్నాను. ఈలోపు ఆగస్టులో ఒక మంగళవారం, పొద్దున పదిన్నరకు, యార్డు నుంచి ఫోను వచ్చింది. నాన్న కాలం నుంచీ ఉన్న కమిషన్ వ్యాపారి. ఆయన్ని బాబాయిగారూ అంటాను.

"ఏమ్మా ఆడిటరుగారూ, నేను ఊళ్లోనే ఉన్నానా, ఐపీ పెట్టి పారిపోయానా, కనుక్కుందామని పంపావా ఈ మెసేజి?"

"ఏ మెసేజి బాబాయిగారూ?"

"డెబ్బై ఐదు వేలు బకాయంట. ఎర్రచ్చరాలు. ఏడు రోజుల్లో కట్టకపోతే సేవలు నిలిపేస్తారంట. కోల్డు స్టోరేజీ సరుకు తూకం ఏయిస్తన్నా. పది మంది రైతులు చుట్టూ ఉన్నారు. కళ్లజోడు లేక మావాణ్ణి చదవరా అంటే, వాడు మిరపకాయల టిక్కీ బస్తా ఎక్కి నిలబడి ఊరంతటికీ వినపడేట్టు చదివాడు."

"అది నేను పంపలేదండీ."

"కింద నీ పేరే ఉందిగా! మీ నాయన నాకు ముప్పై ఏళ్లు లెక్కలు చేశాడమ్మా. ఒక్కనాడు నోరు తెరిచి ఇంత అన్నాడా? పళ్లెంలో ఏం పెట్టానో చూళ్లేదు ఆయన. నువ్వు ఫోన్లో పెట్టావు, యార్డు మధ్యలో."

నేను సమాధానం చెప్పేలోపు పెట్టేశాడు. మళ్లీ మోగింది. మళ్లీ మోగింది. సున్నం బట్టీలాయన, తుళ్లూరు రైతు, ఇంకో కమిషన్ వ్యాపారి. ఇద్దరు అమ్మాయిలూ తమ ఫోన్లు కూడా పట్టుకుని గోడకానుకుని నిలబడ్డారు. తొంభై ఒక్క మందికీ వెళ్లింది. సాఫ్ట్‌వేర్ నేనింకా డబ్బు కట్టకముందే కొత్త ప్లానులోకి మారిపోయి, గడిలో ఉన్న ఫీజును మూడేళ్లకు హెచ్చవేసి, వసూలైనట్టు ఎక్కడా రాసి లేదు కాబట్టి మొత్తం బకాయి అని తేల్చి, నా పేరు కింద పెట్టి, దానంతట అదే పంపేసింది.

పెద్ద గుమాస్తా వైపు చూశాను.

"ఏం అంకెలు వేశారు?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పెద్దాళ్లకు పాతిక వేలు, చిన్నాళ్లకు ఎనిమిది. ఎవరూ చూడరన్నారుగా. చూడని చోట కూడా మన ఇంటి అంకె తక్కువగా ఎందుకుండాలని, ఇంటికి తగ్గట్టు వేశా."

నాకు అరవాలనిపించింది, నవ్వూ వచ్చింది. రెండూ చేయలేదు. కంపెనీకి ఫోను చేశాను. నలభై నిమిషాలు సంగీతం వినిపించి, ఒకతను వచ్చాడు.

"అది కొత్త ఫీచర్ మేడం. డిఫాల్టుగా ఆన్‌లో ఉంటుంది. మెయిల్లో ముందే చెప్పాం."

ఆ మెయిలు తీసి చదివాను. పండుగ శుభాకాంక్షల్లాంటి కబుర్లు ముప్పై లైన్లున్నాయి, వాటి తర్వాత ఒక్క లైను ఉంది.

"నా క్లయింట్లకు నా పేరుతో ఉత్తరం రాయడానికి మీరెవరు?" అన్నాను.

"చాలామంది ఆడిటర్లు దీనివల్ల బకాయిలు వసూలవుతున్నాయని సంతోషంగా ఉన్నారు మేడం."

ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే నాకు మేలు చేశాననుకుంటున్నాడు. అదే నన్ను ఎక్కువ మండించింది.

ఆ వారమంతా చేత్తో ఉత్తరాలు రాశాను. తొంభై ఒక్కటి. ఆ బిల్లు నాది కాదు, దాన్ని పట్టించుకోవద్దు అని మూడు లైన్లు. క్షమించమని రాయలేదు, చేయని తప్పుకు క్షమాపణ చెప్పడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. బహుశా అందుకే పదకొండు మంది వచ్చి తమ కాయితాలు అడిగి తీసుకెళ్లారు. యార్డు బాబాయి వాళ్లలో మొదటివాడు. అందరి దగ్గరా రసీదు రాయించుకునే ఇచ్చాను.

ఇంకొకటి జరిగింది. గడువు దాటితే నేను నా డబ్బుతో రుసుము కట్టానని చెప్పాను చూడండి, ఆ జిన్నింగు మిల్లాయన ఆ బిల్లు చూసి ఒక్క మాట అనకుండా, దాని కింద ఉన్న లింకు నొక్కి డెబ్బై ఐదు వేలూ కట్టేశాడు. నా ఉత్తరం అందేలోపే డబ్బు వచ్చేసింది. వచ్చింది డెబ్బై మూడు వేల రెండు వందల ముప్పై. మిగిలిన పదిహేడు వందల డెబ్బై ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లే మధ్యలో పట్టుకున్నారు, లింకు ద్వారా వసూలు చేసిపెట్టినందుకు. నేను అడగని డబ్బు నాకు తెచ్చిపెట్టి, తెచ్చినందుకు కమిషన్ తీసుకున్నారు.

ఆ పదిహేడు వందల డెబ్బై నా దగ్గర నుంచి కలిపి, డెబ్బై ఐదు వేలూ తిప్పి పంపేశాను.

పెద్ద గుమాస్తా ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచినవాడు తెరిచినట్టే మూసేశాడు.

"ఎందుకు తిప్పి పంపారు?"

"మనం అడిగింది కాదు కాబట్టి."

"అడగలేదు సరే. పని చేశామా లేదా?"

"చేశాం."

"మరి?"

"మన ఇంట్లో అడగరు. మీకు తెలియంది కాదు."

ముప్పై ఎనిమిదేళ్లలో ఆయన నా మీద గానీ నాన్న మీద గానీ గొంతు పెంచలేదు. ఆ రోజు పెంచాడు.

"ఆ అంకెలు నేను ఊరికే వేశాననుకుంటన్నారా? ఇంటికి తగ్గట్టు అంటే ఏంది? బ్రాడీపేటంతా తిరిగి, ఆ పనికి ఎవరెంత తీసుకుంటన్నారో కనుక్కుని, దానికి ఒక్క రూపాయి ఎక్కువ లేకుండా వేశా. మూడో వంతు కూడా పెట్టట్లేదు వాళ్లు మీ పళ్లెంలో. వాళ్లకు తెలుసు మీరు చూడరని. మిల్లాయన ఎందుకు కట్టాడు? ఆ అంకె నాయమని తెలిసి కట్టాడు. సంవత్సరాల తరబడి సిగ్గుపడతన్న మనిషికి ఒక దారి దొరికితే, మీరు మళ్లీ తలుపేశారు."

"నాన్న అడగలేదు."

"మీ తాతగారు అడిగారు! తాలూకాఫీసులో సాయంత్రం దాకా నిలబడి ఒక్కో పుస్తకానికీ రసీదు అడిగారు. పక్కన బండి పట్టుకుని నిలబడింది మా నాయన. రావాల్సింది అడగటం మీ వంశంలో ఎప్పుడు తప్పయిందో నాకు తెలవదు చిన్నమ్మగారూ."

 ఆయన డబ్బా తెరిచి తినడం మొదలుపెట్టాడు. 

సెప్టెంబరు వచ్చింది. పన్ను ఆడిట్ల గడువు ఆ నెలాఖరు. రెన్యువల్ తేదీ దానికి పది రోజుల ముందు. ఆ తేదీ ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నాకు తెలుసు. మొదటి ఏడాది నేను ఏప్రిల్లో చేరాను. రెండో ఏడాది "పండుగ తగ్గింపు" అని చెప్పి తేదీని సెప్టెంబరుకు మార్చారు. ఆడిటరు మెడ ఏ నెలలో ఎక్కడుంటుందో లెక్కలు తెలిసినవాడెవరో కంపెనీలో కూర్చుని ఉన్నాడు.

కంపెనీకి ఫోను చేసి, వదిలేస్తాను, నా కాయితాలు నాకివ్వండి అన్నాను.

"తప్పకుండా మేడం. సబ్‌స్క్రిప్షన్ నడుస్తుండగా మీరే ఒక్కో క్లయింట్ ఫోల్డరు తెరిచి దించుకోవచ్చు. ఆగిపోతే లాగిన్ ఆగిపోతుంది."

"అన్నీ కలిపి ఒకేసారి ఇవ్వరా?"

"అది ఎంటర్‌ప్రైజ్ ప్లాన్‌లో ఉంది మేడం."

నా కాయితాలు. నా క్లయింట్ల తూకం చీటీలు, బేళ్ల బిల్లులు, బట్టీ బొగ్గు లెక్కలు, రైతుల కౌలు కాయితాలు. మా అమ్మాయిలు ఒక వేసవంతా స్కానరు ముందు నిలబడి ఎక్కించినవి. వాటిని చూడాలంటే అద్దె. అద్దె ఎంతో వాళ్లిష్టం. అసలు కాయితాలు చాలావరకు క్లయింట్లకు తిరిగిచ్చేశాం. మా దగ్గర వాటికి ఇప్పుడు ఆ తెర మీద ఉన్నదే ప్రతి. పది రోజుల్లో సంతకం చేయాల్సిన ఆడిట్లు ముప్పై నాలుగు. తేదీ దాటితే అపరాధ రుసుము క్లయింట్ల మీద పడుతుంది, ఉన్న ఎనభై మందీ వెళ్లిపోతారు, నాన్న బోర్డు కిందికి దిగుతుంది. తొంభై రెండు వేల నలభై కడితే బోర్డు ఉంటుంది. నా దగ్గర అంత లేదు. మా పద్ధతిలో డబ్బు దసరాకు వస్తుంది, సెప్టెంబరు మాకు ఎప్పుడూ ఖాళీ నెలే.

పెద్ద గుమాస్తా ఒక కవరు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"హజ్‌కి దాచుకుంది. నలభై ఉంది. మిగతాది చూద్దాం."

"తీసెయ్యండి."

"అప్పుగా రాసుకోండి."

"తీసెయ్యమన్నాను."

తీసుకుని వెళ్లాడు. తలుపు దగ్గర ఆగి, "మిల్లాయన డబ్బు ఉంటే ఈ పాటికి కట్టేసేవాళ్లం" అన్నాడు. ఆయన అన్నది నిజం. నిజం కాబట్టే ఆయన మీద కోపం వచ్చింది.

మర్నాడు డబ్బు కట్టాను. ఎక్కడిదని ఆయన అడిగాడు, చెప్పలేదు. కట్టిన నిమిషం నుంచే కాయితాలు దించడం మొదలుపెట్టాం. ఇద్దరు అమ్మాయిలు ఒక్కో ఫోల్డరు తెరిచి దించేవాళ్లు. నేను పక్క కంప్యూటరు మీద ఆడిట్లు చూసి సంతకాలు పెట్టేదాన్ని. పెద్ద గుమాస్తా ప్రింటు తీసి, పలక మీద రాసుకున్న పేర్లను సుద్దముక్కతో కొట్టేసుకుంటూ, గుడ్డల్లో కట్టేవాడు. పాత గుడ్డలు ఆయన పారేయలేదు. మూడేళ్లుగా ఉతికి మడిచి ఇంట్లో పెట్టుకున్నాడు. "మ్యూజియంకి ఇద్దామని" అన్నాడు. నెలాఖరుకు ముప్పై నాలుగు ఆడిట్లూ అయ్యాయి. అక్టోబరు రెండో వారానికి ఆఖరి ఫోల్డరు దిగింది. అప్పుడు కంపెనీకి రాశాను. నా కాయితాలన్నీ తీసుకున్నాను, నా ఖాతా తుడిచేయండి, తుడిచేసినట్టు రసీదు ఇవ్వండి అని. తుడిచేశారో లేదో చెప్పలేదు. సంతకం లేని మెయిలు ఒకటి వచ్చింది, మేము వెళ్లిపోతున్నందుకు బాధగా ఉందట, తిరిగొస్తే పది శాతం తగ్గింపట. మూడుసార్లు రాశాను. మూడుసార్లూ అదే మెయిలు. రెండెడ్ల బండి తోలుకుని వెళ్దామంటే వాళ్ల ఆఫీసు ఎక్కడుందో కూడా ఆ మెయిల్లో లేదు.

మిగిలిన ఏడాది అద్దె వెనక్కి ఇవ్వరు. వచ్చే సెప్టెంబరు దాకా నేను వాడని దానికి, లేని ఐదో మనిషికి కూడా కట్టి ఉన్నాను.

దసరాకు వారం ముందు ఎనభై ఉత్తరాలు రాశాను, మళ్లీ చేత్తోనే. ఈసారి ప్రతి ఉత్తరంలో ఆ ఏడాది ఫీజు ఎంతో రాశాను. పెద్ద గుమాస్తా దగ్గర ఆ పాత పెన్సిలు కాయితం తీసుకుని, అందులోని అంకెలే వేశాను. మొదటి ఉత్తరంలో ఆ అంకెను, మిగతాదంతా రాశాకే, ఆఖరున వేశాను. ఆయన ఎదురుగా కూర్చుని కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు. నేను రాయడం పూర్తయ్యేదాకా కాయితం వైపు చూడలేదు. యాభై ఎనిమిది మంది కట్టారు. కొందరు బేరమాడారు. కొందరు ఇంకా మాట్లాడటం లేదు. యార్డు బాబాయి తిరిగి రాలేదు. మిల్లాయన పాత డెబ్బై ఐదు వేలూ, కొత్త పాతికా కలిపి లక్ష పంపాడు. పాతిక ఉంచుకున్నాను, మిగతాది తిప్పి పంపాను. పెద్ద గుమాస్తా మళ్లీ అన్నం డబ్బా మూసేశాడు.

ఆ విజయదశమికి బల్ల మీద పళ్లెం పెట్టలేదు. సెప్టెంబరులోనే దాన్ని పట్నం బజారులో అమ్మేశాను. తొంభై రెండు తులాలు తూగింది. తరుగు తీసి తొంభై ఆరు వేల నూట నలభై రూపాయలు ఇచ్చారు.